పద్నాలుగో బ్యాచ్

మార్చి 3, సోమవారం

మళ్ళీ ఆఫీసు. రిటైరైన మనిషిని మర్నాడే వెనక్కి పిలిచారంటే అది గౌరవం కాదు, గతిలేకపోవడం. మంచం పట్టినవాళ్ళ ఇళ్ళకు నర్సుల్ని పంపే ఈ సంస్థలో పాత డేటాబేసు కట్టింది నేను. దాని కీళ్ళనొప్పులు నాకు తప్ప ఇంకెవరికీ తెలియవు. ఇప్పుడు కొత్తది కొన్నారు. పాతదాంట్లో ఉన్న రోగుల రికార్డులన్నీ కొత్త పద్ధతికి మార్చాలి, పేటకొక బ్యాచ్ చొప్పున. "మీకు చిటికెలో పని, గురువుగారూ" అంది మేనేజరమ్మ. చిటిక వెయ్యడానికి కూడా ఈ వయసులో వేళ్ళు సహకరించాలి కదా.

బ్యాచ్ అంటే బస్సు లాంటిది. ఎక్కినవాళ్ళందరి దగ్గరా టికెట్టుంటేనే కదులుతుంది. ఒక్కడి దగ్గర లేకపోయినా బండి ఆపి అందర్నీ దింపేస్తుంది. పైగా ఎవడి దగ్గర లేదో చెప్పదు. "ఒకటి లేదా అంతకన్నా ఎక్కువ రికార్డులు సరిగా లేవు" అని తెర మీద ఎర్రగా ఒక ముక్క, అంతే. మా అత్తగారూ ఇంతే. "ఈ ఇంట్లో ఎవరికో బుద్ధి లేదు" అని ఊరుకునేది. ఎవరికో చెప్పేది కాదు. అల్లుళ్ళం అందరం భుజాలు తడుముకునేవాళ్ళం.

ఇంతవరకూ ఆగిన ప్రతి బ్యాచ్‌కీ జబ్బు ఒకటే. ఫోన్ నంబరు గడిలో అంకెలు తప్ప ఇంకేమీ ఉండకూడదంటుంది కొత్తది. పాతదాంట్లో నేనా నియమం పెట్టలేదు. ఏ ఇంట్లోకి ఎలా వెళ్ళాలో నర్సులు రాసుకోవడానికి చోటూ పెట్టలేదు. పాపం వాళ్ళు ఫోన్ గడిలోనే రాసేసుకున్నారు. "కుక్క అరుస్తుంది, కరవదు." "బెల్లు పాడు, పై వాటా వాళ్ళని పిలవాలి." "కొడుకు తలుపు తీస్తే తాగాడేమో వాసన చూసుకోవాలి." నవ్వొస్తుంది గానీ, ఇవి లేకపోతే సగం ఇళ్ళ గుమ్మాల దగ్గర నర్సులు నిలబడిపోయేవాళ్ళు. ఒక్కొక్కటీ తీసి, కొత్తదాంట్లో ఉన్న గమనిక గడిలో పెట్టి, ఫోన్ గడిలో అసలు నంబరు వేస్తున్నాను. మార్చడం నిమిషం. వెతకడం పూట.

ఇంటికొచ్చేసరికి నడుము నాది కాదు.

మార్చి 4, మంగళవారం

పదమూడు పేటలూ ఎక్కాయి. పద్నాలుగోది మా పేట. అది ఎక్కలేదు.

మేనేజరమ్మ గోడ మీది మ్యాపు చూపించింది. ఇకనుంచి ఏ పేటకి ఆ పేట నర్సేనట. ఏ బ్యాచ్ ఎక్కితే మర్నాటినుంచి ఆ పేటకి కొత్త ఏర్పాటు. "మీ పేటకి కొత్తమ్మాయి వస్తుంది గురువుగారూ, బాగా చదువుకుంది. తుఫాను నది అవతలికి వెళ్తుంది."

మా ఇంటికొచ్చే నర్సుకి తుఫాను అని పేరు పెట్టింది నేను కాదు, ఆఫీసంతా కలిసి పెట్టింది. ఆ మనిషి వీధి మలుపులో ఉండగానే గొంతు గుమ్మంలో ఉంటుంది. మా ఆవిడకి పక్షవాతం వచ్చాక కుడి పక్కా పోయింది, మాటా పోయింది. ఆకలైనా "అదే", దాహమైనా "అదే", నా మీద కోపమొచ్చినా "అదే". తుఫాను రావడం మొదలుపెట్టాక ఒక్కో మాటా తిరిగొస్తోంది. ఏం చేస్తుందో నాకు తెలియదు. ఆమె వచ్చేవేళకి నేను ఆఫీసులో ఉంటాను. నేను ఇంటికి చేరేవేళకి ఆమె వెళ్ళిపోతుంది, ఇంట్లో ఒక మాట కొత్తగా ఉంటుంది. పోయిన నెల నేను వండింది నోట్లో పెట్టుకుని "ఉప్పు" అంది. ఉప్పు మరిచిపోయాను నిజంగానే. ఆ పూట మళ్ళీ వండాను, పాటలు పాడుకుంటూ.

కొత్తమ్మాయి బాగా చదువుకుందట.

మార్చి 5, బుధవారం

తప్పు దొరకనప్పుడు సగాలు చెయ్యాలి. బ్యాచ్‌ని రెండు చేసి ఒక సగాన్ని ఉత్తుత్తిగా ఎక్కించి చూడు. ఎక్కిందా, దొంగ రెండో సగంలో ఉన్నాడు. దాన్ని మళ్ళీ రెండు చెయ్యి. అలా పోతే చివరికి ఒక్కటే మిగులుతుంది.

మిగిలింది. మా ఇంటి రికార్డే.

ఫోన్ గడిలో తుఫాను రాసుకుంది: "ఫోనెత్తలేదు. కిటికీ తట్టి కేకేస్తే తాడు లాగుతుంది." ఆ తాడు నేను కట్టిందే. తలుపు గడియకీ మా ఆవిడ కుర్చీకీ మధ్య.

ఇవాళ్టికి చాలు. రేపు మారుద్దాం.

మార్చి 6, గురువారం

సర్వర్ నెమ్మదిగా ఉంది. ఇలాంటప్పుడు రికార్డుల జోలికి పోకూడదు.

మార్చి 7, శుక్రవారం

సర్వర్ ఇంకా అనుమానంగానే ఉంది.

దూదీ కట్టుబట్టలూ తీసుకుపోవడానికి తుఫాను ఆఫీసుకొచ్చింది. నా బల్ల మీదికి వంగి, "ఏం బాబాయ్, మీ కంప్యూటరుకి జ్వరమటగా, ఇంజక్షనివ్వమంటారా?" అని అరిచింది. గదంతా నవ్వింది. నేనూ నవ్వాను.

"తొందరగా నయం చెయ్యండి బాబాయ్. అవతలికి వేస్తే నాకు రెండు బస్సులు తప్పుతాయి. మా ఇల్లు అక్కడే కదా."

నాకా సంగతి తెలియదు. మూడేళ్ళనుంచి మా ఇంటికి వస్తోంది, ఎక్కడినుంచి వస్తోందో ఒక్కసారీ అడగలేదు.

"మరి మీ పిన్నిని వదిలి ఉండగలవా?" అన్నాను, వేళాకోళంగానే.

"ఎందుకు ఉండను? ఆవిడ ఉండగలదు. మీ సంగతే నాకు అనుమానం."

మార్చి 10, సోమవారం

పని ముందుకు జరగనప్పుడు మనిషికి పాత సంగతులు గుర్తొస్తాయి. నేనీ విద్య ఏ కాలేజీలోనూ నేర్వలేదు. ఒక ఎత్తైన మేడలో లిఫ్టు నడిపేవాణ్ణి. ఐదో అంతస్తులో కంప్యూటర్ల కంపెనీ. వాళ్ళు పారేసిన పుస్తకాలు లిఫ్టులోంచే కిందికి దిగేవి. నేను మధ్యలో ఆపేవాణ్ణి. ఎక్కుతూ దిగుతూ చదివిన చదువు నాది, అందుకే ఎక్కడా నిలకడగా ఉండదు. అయినా ఒకటి మాత్రం బాగా పట్టుబడింది. యంత్రం అబద్ధమాడదు. అది ఎర్రర్ చూపించిందంటే ఎక్కడో ఎవడో మనిషి ఉన్నాడన్నమాట.

ఇవాళ రాయవలసింది ఇది కాదు.

మేనేజరమ్మ మూడుసార్లు వచ్చి నిలబడింది. "పోనీ ఆ తేడా ఉన్నవాళ్ళని పక్కన పెట్టి మిగతావాళ్ళని ఎక్కించకూడదా?"

"పక్కన పెడితే ఆ ఇంటికి ఎవరూ వెళ్ళరమ్మా. కొత్తదాంట్లో పేరు లేనివాళ్ళకి నర్సు లేదు."

ఇది నిజమే. నిజాలు కూడా బాగా పనికొస్తాయి, అవసరానికి.

మార్చి 11, మంగళవారం

ఒకావిడ ఆఫీసుకొచ్చింది. కొలతల టేపు మెడలో అలాగే ఉంది, షాపు మధ్యలో లేచి వచ్చినట్టు. మా వెనక వీధిలో రిటైరైన బస్సు డ్రైవరు గారున్నారు. ఆయన కూతురట. దర్జీ పని చేస్తుంది.

"కంప్యూటరు చూసే పెద్దాయన మీరేనా?"

"నేనేనమ్మా."

"పొద్దున్నే పక్కవీధినుంచి నర్సు వస్తుందన్నారు సార్. ఇప్పటికీ మిట్టమధ్యాహ్నమే వస్తున్నారు. షుగర్ ఇంజక్షన్ పడందే నాన్నకి తిండి పెట్టకూడదు. ఆయన ఆకలికి ఆగలేడు, నన్ను తిడతాడు. నేను మధ్యాహ్నం షాపుకి పోతే ఓనరు తిడతాడు. ఇద్దరి తిట్లతో నాకు కడుపు నిండిపోతోంది."

"నువ్వే ఇవ్వడం నేర్చుకోకూడదా, ఆ ఇంజక్షన్?"

"రోజంతా సూదితోనే బతుకుతాను. బట్టలో గుచ్చమంటే కళ్ళు మూసుకుని గుచ్చుతాను. నాన్న ఒంట్లో అంటే చేతులు వణుకుతాయి. ఒకసారి ప్రయత్నించాను, ఆయన కన్నా ముందు నేనే పడిపోయాను."

బ్యాచ్ ఎక్కడం లేదని చెప్పాను. ఎక్కకపోవడమేంటంది. బస్సు పోలిక చెప్పాను. డ్రైవరు కూతురు కదా, ఠక్కున పట్టేసింది.

"అయితే ఆ టికెట్ లేనోణ్ణి దింపెయ్యండి."

"దింపితే వాళ్ళింటికి నర్సు వెళ్ళదు."

"అయితే మీరే ఒక టికెట్ కొనిపెట్టండి సార్, పోనీ. మా నాన్న అలాగే చేసేవాడు. బండి ఆగిపోవడం కంటే నయం కదా అనేవాడు."

చూస్తానన్నాను. నా మొహం చూడకుండా వెళ్తే బాగుండుననుకున్నాను. చూసే వెళ్ళింది, దణ్ణం కూడా పెట్టింది.

మార్చి 12, బుధవారం

కేబుల్ మార్పించాను. కేబుల్ తప్పేమీ లేదు పాపం.

మార్చి 13, గురువారం

మా ఆవిడ ఇవాళ రెండు మాటలు కలిపి అంది. "కిటికీ తెరువు." తుఫాను నేర్పి ఉంటుంది. నేను లేచి తెరిచాను. తెరిచాక మళ్ళీ ఏదైనా అంటుందేమోనని చాలాసేపు అక్కడే నిలబడ్డాను. అనలేదు. నాతో ఎప్పుడూ ఇంతే. ఇంట్లో ఉన్నంతసేపూ నేను కబుర్లు చెబుతాను, తను వింటుంది. ఆఫీసు సంగతులు, వీధి సంగతులు, ఏదీ వదలను. ఇరవైమందిని కూర్చోబెట్టి నవ్వించిన నోరు ఇది. ఒక్క మనిషిని మాట్లాడించలేకపోతోంది.

ఇంకొక నెల తుఫాను వస్తే చాలు. ఒక్క నెల. తర్వాత ఎవరైనా రానీ.

పోయిన వారం, ఒక్క వారం చాలనుకున్నాను కాబోలు.

మార్చి 14, శుక్రవారం

బస్సు డ్రైవరు ఆసుపత్రిలో ఉన్నాడు.

కూతురు బట్టలారేస్తుండగా వంటింట్లో డబ్బాలన్నీ వెతుక్కుని దొరికిందల్లా తిన్నాడట. ఇంజక్షన్ పడలేదు. కళ్ళు తిరిగి అక్కడే పడిపోయాడు. ప్రాణానికి ప్రమాదం లేదన్నారు. ఈ కబురు మేనేజరమ్మ నిలబడే చెప్పింది, కూర్చోకుండా.

"సోమవారం బయటినుంచి ఇంజనీరుని పిలుస్తున్నాను గురువుగారూ. మీరూ అలిసిపోయారు."

అవునన్నాను. అలిసిపోయిన మాట నిజం. దేనివల్లో చెప్పలేదు.

మార్చి 15, శనివారం

సాయంత్రం తనకి తినిపిస్తూ చెబుతున్నాను. ఆఫీసు ఊసు తప్ప నాకేం ఉంటాయి? "ఆ సర్వర్ గొడవ ఇంకా తెమల్లేదు. అది తెమిలేదాకా మనకి తుఫానే వస్తుందిలే" అన్నాను.

నోరు తెరవలేదు. చెంచా గాలిలో ఉండిపోయింది.

"అబద్ధం" అంది.

నాలుక ఎక్కడా తడబడలేదు. ఇన్నాళ్ళుగా "ఉప్పు", "కిటికీ" దాటి నాతో రాని మనిషి, అంత బరువైన మాటని ఒక్క పెట్టున ఎత్తి నా ముందు పెట్టింది. నలభై ఏళ్ళనుంచి ఈ మొహం చదువుతోంది. సగాలు చేసుకుంటూ వెతుక్కోవలసిన పని తనకి లేదు.

చెప్పాను, అంతా. మా ఇంటి రికార్డు సంగతీ, డ్రైవరు సంగతీ, ఎప్పటినుంచో కూడా. విని, ఎడం చేత్తో గిన్నె పక్కకి తోసేసింది. పొద్దుపోయేదాకా నా వైపు తిరగలేదు.

మార్చి 17, సోమవారం

మార్చాను. తుఫాను రాసిన ముక్క గమనిక గడిలో పెట్టాను. ఫోన్ గడిలో నా నంబరు వేశాను. బ్యాచ్ ఒక్క దెబ్బకి ఎక్కింది. మాట్లాడకుండా ఎక్కింది.

"దొరికిందా? ఎవరిది?" అంటూ వచ్చింది మేనేజరమ్మ.

"మా ఇంటిదమ్మా."

ఆవిడ తెర వైపు చూసింది. నేను సగాలు చేసి వెతికినవన్నీ తేదీలతో సహా అక్కడే ఉన్నాయి. అవీ చూసింది.

"నన్నడిగి ఉంటే, తుఫానుని మీ ఇంటికి ఉంచేదాన్నేమో" అంది చివరికి.

"అలా అయితే అందరూ అడుగుతారు కదమ్మా."

"ఎవరూ అడగడానికి లేకుండా మీరు చేశారు."

బయటి ఇంజనీరుని రావద్దని చెప్పడానికి ఫోను తీసింది. ఆ ఫోనులో నా పేరు ఎత్తలేదు. తిట్టి ఉంటే ఇంత బరువుండేది కాదు.

డ్రైవరు గారిని ఇంటికి పంపారట. రేపట్నించి పొద్దున్నే నర్సు వెళ్తుంది.

మార్చి 18, మంగళవారం

మేనేజరమ్మని ఒక్కరోజు అడిగి తుఫాను మా ఇంటికొచ్చింది, వీడ్కోలుకి. ఇవాళ నేను ఆఫీసుకి వెళ్ళలేదు. మూలన కూర్చుని మొట్టమొదటిసారి చూశాను.

వస్తూనే అరిచింది. "ఏం పిన్నీ, ఇవాళ గురువారం కదూ!"

"కాదు" అంది తను.

"కాదా? మరేంటి?"

"మం... గళ."

"సరేలే, మీ మాటే నెగ్గనీ. ఆ మూల కూర్చున్నాయనెవరు, మీ తమ్ముడా?"

"ఛీ!"

"తమ్ముడు కాకపోతే ఇల్లు అద్దెకిచ్చినాయనా?"

"మొ... మొగుడు" అంది తను. సిగ్గుతో కాదు, రోషంతో. తుఫాను పగలబడి నవ్వింది. కాళ్ళు చాపిస్తూ, చెయ్యి లేపిస్తూ అలా తప్పు మీద తప్పు చెబుతూనే ఉంది. తను ఒక్కదాన్నీ వదల్లేదు. దిద్దుతూనే ఉంది, చెమటలు పట్టేలా.

గుమ్మం దాకా సాగనంపాను.

"ఇదా నీ వైద్యం?" అన్నాను.

"ఇదే బాబాయ్. మీరేమో అన్నీ కరెక్టుగా చెబుతారు. ఇంక ఆవిడ మాట్లాడ్డానికేం మిగులుతుంది?" చెప్పుల్లో కాళ్ళు పెడుతూ ఒక్క క్షణం ఆగింది. "ఆ బ్యాచ్ ఏదో ముందే పంపించి ఉంటే నాకు పది రోజుల బస్సులు తప్పేవి."

ఆమెకి అంతా తెలిసే ఉంది. మా ఆఫీసు గోడలకి చెవులేం ఖర్మ, నోళ్ళే ఉన్నాయి. క్షమించమనబోయాను. అప్పటికే వీధి మలుపు తిరిగింది. గొంతు మాత్రం ఇంకా గుమ్మంలోనే ఉంది.

మార్చి 20, గురువారం

కొత్తమ్మాయి మంచిది. పని శుభ్రం, చెయ్యి మెత్తన. కానీ నోట్లో నాలుక ఉందో లేదో తెలియదు. "చెయ్యి ఎత్తండమ్మా. దించండమ్మా. థాంక్సమ్మా." మా ఆవిడ ఎత్తుతోంది, దించుతోంది. మాట లేదు.

మార్చి 21, శుక్రవారం

"ఇవాళ బుధవారం కదా!" అన్నాను, తుఫాను లాగే గొంతు పెంచి.

తను నన్ను జాలిగా చూసింది.

మార్చి 22, శనివారం

"బయట కుంభవృష్టి" అన్నాను. ఎండ మండిపోతోంది. కిటికీ వైపు చూసింది, నా వైపు చూసింది, కళ్ళు మూసుకుంది. బతుకంతా తప్పులు ఏరినవాణ్ణి, తప్పు వెయ్యడం నాకు చాతకావడం లేదు. నటనని ఇట్టే పట్టేస్తోంది.

చాలా అలసటగా ఉంది. సరిగ్గా నిద్ర పట్టి ఎన్నాళ్ళయిందో.

మార్చి 23, ఆదివారం

ఆదివారాలు నర్సు రాదు. పొద్దున్న తనకి తల దువ్వుతూ, ఇంక ప్రయోగాలు మానేసి, ఊరికే కబుర్లలో పడ్డాను. రైలు కథ ఎత్తుకున్నాను. నేను ఎన్ని పెళ్ళిళ్ళలో, ఎన్ని విందుల్లో చెప్పానో లెక్కలేదు. పెద్దమ్మాయి చంటిపిల్లగా ఉన్నప్పుడు, ఏదో చిన్న స్టేషన్లో రైలు ఆగింది. పిల్ల పాలకి ఏడుస్తోంది. నేను దిగి, సీసా పట్టుకుని టీ కొట్టుకి పరిగెత్తాను. పాలు పోయించుకునేలోపు రైలు కదిలింది. ప్లాట్‌ఫారం చివరిదాకా ఉరికి, ఆఖరి పెట్టె పట్టుకుని ఎక్కాను. చేతిలో పాలు ఒక్క చుక్క ఒలకలేదు. ఇక్కడ జనం ఎప్పుడూ చప్పట్లు కొడతారు.

"కాదు" అంది.

దువ్వెన ఆగిపోయింది. "ఏది కాదు?"

"నువ్వు... నిద్ర."

పెళ్ళయిననాటినుంచి నన్ను మీరు అనే మనిషి. ఆ గౌరవం పక్షవాతంలో కొట్టుకుపోయిందో, ఈమధ్య నా నిర్వాకం చూసి తనే తీసేసిందో తెలియదు.

"నేను నిద్రపోతుంటే మరి పాలెవరు తెచ్చారు?"

ఎడం చేత్తో గుండె మీద కొట్టుకుంది. "నేను! పరుగు. చెప్పు... పోయింది. నేను!"

అప్పుడు గుర్తొచ్చింది. ఆ ప్రయాణం చివర తను ఒక్క చెప్పుతో దిగింది. ఎందుకని నేను అడగలేదు. తర్వాతెప్పుడో, అందరి ముందూ చెబుతూ చెబుతూ, ఆ పరుగు నాదైపోయింది. నేను నిజంగానే నమ్మాను. ఇప్పటికీ ప్లాట్‌ఫారం రాళ్ళు నా కాళ్ళకి తగిలినట్టే ఉంటుంది. ఇన్నేళ్ళూ తను పక్కనే కూర్చుని, జనంతోపాటు నవ్వుతూ విన్నది.

"మరి అప్పుడే చెప్పొచ్చుగా?"

"నువ్వు... ఆగవు" అంది.

నిజమే. ఆగి ఎరగను.

ముందుకొచ్చి తన ఎదురుగా కూర్చున్నాను. ఇన్నాళ్ళూ వేషం వేసి తప్పు చెప్పాలని తంటాలు పడ్డాను. అక్కర్లేదన్నమాట. నిజమనుకుని చెప్పేవే చాలా ఉన్నాయి నా దగ్గర.

"నేను చెప్పేవాటిల్లో ఇంకేవి తప్పు?" అన్నాను.

"అన్నీ" అంది.

సగం నోటితో నవ్వింది. ఆ సగమూ నా మీదే.